ఒంటరితనం, ఒక పాడు అలవాటు, బొంతపల్లి గది

ఇది రాయాలా వద్దా అని దాదాపు ఏడాదిగా ఆలోచిస్తున్నాను. మా ఆవిడకి చూపిస్తే చదివి, "రాయండి, కానీ గెలిచేసినట్టు గొప్పలు పోకండి" అంది. కాబట్టి గొప్పలు లేకుండా రాసే ప్రయత్నమిది. బూతు బొమ్మల అలవాటు గురించి ఒక క్రైస్తవుడు రాస్తున్నాడంటే చాలామందికి రెండు అనుమానాలొస్తాయి. ఒకటి, ప్రసంగం మొదలెడతాడని. రెండు, "నేను ప్రార్థన చేశాను, పోయింది" అంటాడని. ప్రసంగం చేసే అర్హత నాకు లేదు. ప్రార్థన చేశాను, పోలేదు. అందుకే రాస్తున్నాను.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే గానీ మాదాపూర్ గాజు మేడల్లో కాదు. 2016 నుంచి 2021 దాకా బొంతపల్లిలో, ఒక మందుల ఫ్యాక్టరీలో చేశాను. బాలానగర్ నుంచి నర్సాపూర్ వెళ్ళే రోడ్డులో గండిమైసమ్మ, దుండిగల్ దాటాక వస్తుంది బొంతపల్లి కమాన్. లోపలికెళ్తే వీరభద్రస్వామి గుడి, దానికి మంచి పేరుంది, జాతరకి ఎక్కడెక్కడి జనమో వస్తారు. అటు గడ్డపోతారం, కాజిపల్లి, ఇటు గుమ్మడిదల, ఎటు చూసినా కంపెనీలే. వచ్చిన కొత్తలో రాత్రిపూట సాల్వెంట్ వాసనకి నిద్ర పట్టేది కాదు. నెల తిరిగేసరికి నాకు వాసనే తెలియడం మానేసింది. ఇంటి నుంచి అమ్మ వచ్చి "ఏంట్రా ఈ కంపు" అనేవరకు అది ఇంకా ఉందన్న సంగతే మర్చిపోయాను. ఆ అలవాటు కూడా సరిగ్గా ఇలాగే. ఉన్నవాడికి కొన్నాళ్ళకి వాసన తెలియదు.

నా పనేంటో కొంచెం చెప్పాలి, తర్వాత అవసరమవుతుంది. ల్యాబ్‌లో పరికరాల నుంచి వచ్చే డేటాని ఎవరూ తారుమారు చేయకుండా చూడటం, ఆ సాఫ్ట్‌వేర్ సరిగ్గానే పనిచేస్తోందని కాగితాల మీద రుజువు చేయడం. అమెరికాకి మందులు పంపే ప్రతి కంపెనీకీ 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అని 1997 నాటి నిబంధన ఒకటుంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో కంప్యూటర్ తనంతట తానే రాసుకోవాలి. దాన్ని ఆడిట్ ట్రెయిల్ అంటాం. అందులోంచి ఏదీ చెరపడం కుదరదు. పగలంతా నేను కాపలా కాసేది ఆ ఆడిట్ ట్రెయిల్‌కి. రాత్రి గదికొచ్చి ఫోన్లో తెరిచేది ఇన్‌కాగ్నిటో కిటికీ. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే కదా.

ఇంకో సంగతి. ప్లాంటులో ఏదైనా తేడా జరిగితే డీవియేషన్ ఫారం నింపాలి. ఏం జరిగింది, మూలకారణం ఏంటి, మళ్ళీ జరక్కుండా ఏం చేస్తావు. కొత్తలో నేను మూలకారణం దగ్గర "మానవ తప్పిదం" అని రాసి పంపేవాణ్ణి. క్వాలిటీ మేడం ఎర్ర పెన్నుతో గీత కొట్టి వెనక్కి పంపేవారు. "మనిషి తప్పు చేశాడు సరే, ఎందుకు చేశాడు? నిద్ర లేదా? ట్రైనింగ్ లేదా? రెండు బాటిళ్ళూ ఒకేలా ఉన్నాయా? అది రాయండి. మానవ తప్పిదమని రాసి ఫైలు మూసేస్తే రేపు మళ్ళీ ఇదే ఫారం నింపుతారు" అనేవారు. ఆ మాట నాకు ప్లాంటులో వెంటనే అర్థమైంది. నా జీవితానికి వర్తింపజేసుకోవడానికి మాత్రం మూడేళ్ళు పట్టింది.

మాది ఒంగోలు దగ్గర. తరాలుగా బాప్టిస్టులం. మా వైపు పిల్లలందరికీ క్లౌ దొరగారి కథ చెబుతారు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని పెట్టాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. చిన్నప్పుడు ఆ అంకె వింటే గర్వంగా ఉండేది. ఇప్పుడు దాంట్లో ఇంకోటి కనిపిస్తుంది. మా పూర్వీకులు దేవుడి దగ్గరకి ఒక్కొక్కరుగా గదిలో తలుపేసుకుని రాలేదు. ఇళ్ళకిళ్ళు, పేటలకి పేటలు కలిసొచ్చారు. నేను మాత్రం బొంతపల్లిలో పదడుగుల గదిలో ఒక్కణ్ణే క్రైస్తవుడిగా బతకొచ్చనుకున్నాను.

ఆ అలవాటు బొంతపల్లిలో పుట్టిందని అబద్ధం చెప్పను. ఇంజనీరింగ్ రోజుల్లోనే మొదలైంది. గంటకి పదిహేను రూపాయల ఇంటర్నెట్ సెంటరు, ప్లైవుడ్ గదులు, నా వయసు వాళ్ళకి ఆ వాతావరణం తెలుసు. తర్వాత బెంగళూరులో నలుగురం కలిసి ఉండేవాళ్ళం. అప్పుడూ ఉంది, కానీ తక్కువ. ఎందుకు తక్కువో అప్పుడు ఆలోచించలేదు. నా ఆత్మీయ స్థితి బాగుందనుకున్నాను. నిజానికి గదిలో ఎప్పుడూ ఎవడో ఒకడు ఉండేవాడు, అంతే.

2016 ఆగస్టులో బొంతపల్లి వచ్చాను. సెప్టెంబర్ 5న జియో వచ్చింది, ఉచిత డేటాతో. ఏదో కొండంత అండ దొరికినట్టు సంబరపడ్డాం అందరం. పగలంతా ప్లాంటులో పని మాటలు తప్ప వేరే మాట ఉండదు. చుట్టూ గదుల్లో ఒడిశా, బీహార్ కుర్రాళ్ళు, షిఫ్టులు వేరు, భాష వేరు. హైదరాబాదులో స్నేహితులు "దా రా" అంటారు గానీ, హైటెక్ సిటీ వెళ్ళి రావడానికే ఆదివారం సగం పోతుంది. గుమ్మడిదల వైపు ఒక చిన్న సంఘానికి వెళ్ళేవాణ్ణి. ఆరాధన అయ్యాక అందరూ "ప్రైజ్ ద లార్డ్ బ్రదర్" అని చేతులు కలిపి, కుటుంబాలతో బండెక్కి వెళ్ళిపోయేవారు. నేను మెస్ నుంచి పార్సిల్ తెచ్చుకుని గదికెళ్ళేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా... ఆ ఎనిమిది గంటలు ఎలా గడుస్తాయో ఒంటరిగా ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇహ తర్వాత జరిగేది మామూలే. చూడటం, కుమిలిపోవడం, మోకాళ్ళ మీద ఏడవడం, యాప్ తీసేయడం, వారం పది రోజులు బాగుండటం, మళ్ళీ చూడటం. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో అందరికీ వాగ్దానపు కార్డులిస్తారు కదా, నేను ప్రతి ఏడాదీ ఆ కార్డు వెనక "ఈ సంవత్సరం ఇక లేదు ప్రభువా" అని రాసి తేదీ వేసేవాణ్ణి. అలాంటివి మూడు కార్డులు నా బైబిల్లో ఉన్నాయి. సంక్రాంతి దాటిన కార్డు ఒక్కటీ లేదు. యవ్వనస్థుల కూటాల్లో సాక్ష్యాలు వినేవాణ్ణి. అందరి సాక్ష్యాలూ భూతకాలంలోనే ఉండేవి. "ఒకప్పుడు నేను అలా ఉండేవాణ్ణి" అని. వర్తమాన కాలంలో సాక్ష్యం చెప్పిన మనిషిని నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు.

సరే, అసలు విషయానికొస్తాను. 2019 ఫిబ్రవరిలో ఒక రాత్రి. పన్నెండున్నర దాటింది. ఫోన్ చేతిలోనే ఉంది, చూస్తున్నది ఏంటో చెప్పక్కర్లేదు. అమ్మ ఫోన్ వచ్చింది. తెర పైన "అమ్మ" అని కనిపించింది. నేను వేలితో పైకి తోసేశాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తోసేశాను. మూడోసారికి సైలెంట్లో పెట్టాను. పొద్దున ఆరింటికి చూస్తే ఏడు కాల్స్ ఉన్నాయి. నాన్నకి గుండెనొప్పి వచ్చింది. పక్కింటి వాళ్ళ ఆటోలో ఒంగోలు తీసుకెళ్ళారు. అమ్మ ఒక్కతే, ఏ ఆసుపత్రికి వెళ్ళాలో, ఇన్సూరెన్స్ కార్డు ఎక్కడుందో అడగడానికి నాకు ఏడుసార్లు చేసింది.

నాన్న బతికారు. అందుకు దేవుడికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా తక్కువే. ఆసుపత్రిలో అమ్మ, "నైట్ షిఫ్టులో ఉన్నావేమో అనుకున్నాను నాన్నా" అంది. నేను "అవునమ్మా" అన్నాను. ఆ ఒక్క మాట నన్ను తిన్నంతగా మిగతావేవీ తినలేదు.

బొంతపల్లికి తిరిగొచ్చాక మళ్ళీ కార్డు వెనక ప్రతిజ్ఞ రాయబోయాను. చెయ్యి రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది క్వాలిటీ మేడం ఎర్ర పెన్ను. మూడేళ్ళుగా నేను దేవుడికి ఇచ్చే ప్రతి ఫారంలోనూ మూలకారణం దగ్గర ఒకటే రాస్తున్నాను: "నేను పాపిని." అది అబద్ధం కాదు. కానీ అది మానవ తప్పిదం అని రాసి ఫైలు మూసేయడం లాంటిదే. నవ్వకండి, నిజంగానే ఒక రెండొందల పేజీల నోటుపుస్తకం కొని డీవియేషన్ ఫారం గీశాను. తేదీ, సమయం, అంతకుముందు మూడు గంటలు ఏం చేశాను, ఎవరితో మాట్లాడాను, తిన్నానా, నిద్రపోయానా.

ఆరు వారాల్లో పంతొమ్మిదిసార్లు రాశాను. కూర్చుని లెక్క వేస్తే నాకే ఆశ్చర్యమేసింది. పంతొమ్మిదింట్లో పదిహేనుసార్లు ఆ రోజు పని తప్ప వేరే విషయం ఎవరితోనూ మాట్లాడలేదు. ఆదివారం మధ్యాహ్నాలు, నైట్ షిఫ్టు దిగిన పొద్దుళ్ళు, ఇంటికి ఫోన్ చేసి పెట్టేశాక వచ్చే నిశ్శబ్దం. అన్నేళ్ళూ నేను కోరికతో పోరాడుతున్నానని అనుకున్నాను. అసలు ఆ సమయాల్లో కోరికే లేదు చాలాసార్లు. ఒక మనిషి ముఖం కావాలి, అంతే. దొరికింది తెర మీద ముఖం.

అలాంటప్పుడే బైబిల్లో ఏలీయా కథ మళ్ళీ చదివాను, మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం. చిన్నప్పటి నుంచి విన్నదే. అంత పెద్ద ప్రవక్త ఎడారిలో చెట్టు కింద పడుకుని నన్ను చంపేయమని దేవుణ్ణి అడుగుతాడు. దేవుడు ఆయన్ని తిట్టలేదు, విశ్వాసం ఏదీ అని నిలదీయలేదు. ముందు రొట్టె, నీళ్ళు. పడుకోనిచ్చాడు. లేపి మళ్ళీ రొట్టె, నీళ్ళు. ఆ తర్వాతే మాటలు. నేనొక్కణ్ణే మిగిలాను అని ఏలీయా అంటే, ఇంకా ఏడువేల మంది ఉన్నారని చెప్పి, వెళ్ళి ఎలీషాని తోడు తెచ్చుకోమన్నాడు. తిండి, నిద్ర, తోడు. మా భాషలో చెప్పాలంటే దేవుడు మూలకారణం సరిగ్గా రాశాడు. ఆదికాండంలో పాపం ఇంకా లోకంలోకి రాకముందే దేవుడు మంచిది కాదన్న మొట్టమొదటి విషయం మనిషి ఒంటరితనమే అన్నది కూడా అప్పుడే తట్టింది.

అలాగని ఒంటరితనం మీదకి తోసేసి నేను తప్పించుకోవడం లేదు. నిద్ర లేని ఆపరేటర్ తప్పు మందు కలిపితే అది తప్పే, ఆ మందు మింగే రోగికి మన కారణాలతో పని లేదు. ఇక్కడా ఒక రోగి ఉంది, తెర అవతల. 2020 డిసెంబర్లో న్యూయార్క్ టైమ్స్‌లో నికొలస్ క్రిస్టాఫ్ రాసిన వ్యాసం తర్వాత, వీసా, మాస్టర్‌కార్డ్ చెల్లింపులు ఆపేశాక, ఆ రంగంలో అతిపెద్ద సైట్లలో ఒకటి దాదాపు కోటి వీడియోలు తీసేసింది. ఎందుకంటే అందులో ఉన్నవాళ్ళెవరో, వాళ్ళ వయసెంతో, వాళ్ళు ఒప్పుకున్నారో లేదో కూడా ఆ సైటుకి తెలియదు. నేను చూసిన వాటిలో అలాంటివి ఎన్నో నాకేం తెలుసు? నా ఒంటరితనం నిజమే, కానీ దాని ఖరీదు ఎవరో ఆడపిల్ల కట్టింది. ఇది చదివినప్పుడు వచ్చిన బాధ, నా పవిత్రత పోయిందే అనే బాధ కంటే మంచి బాధ అనిపించింది. మొదటిది నా గురించి, రెండోది ఇంకొకరి గురించి.

ప్లాంటులో ఒక సీనియర్ ఆపరేటర్ ఉండేవాడు, మెదక్ మనిషి, సీఎస్ఐ సంఘం. డ్యూటీలో నన్ను "సార్" అనేవాడు, గేటు దాటితే "తమ్మీ." నాన్న సంగతి తెలిసి, "మట్టల ఆదివారం మా మెదక్‌కు రా తమ్మీ, నాయిన కోసం ప్రార్థన చేద్దాం" అన్నాడు. ఆయన బండి మీద నర్సాపూర్ అడవి మీదుగా వెళ్ళాం. మెదక్ చర్చి గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ 1914లో మొదలుపెట్టిస్తే పదేళ్ళకి పూర్తయింది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ. ఆ కరువు రోజుల్లో చుట్టుపక్కల జనానికి అదే పని, అదే అన్నం. రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం ఉంటాయి. బయటి నుంచి వచ్చే పగటి వెలుతురు ఉన్నంతసేపే ఆ బొమ్మలు కనిపిస్తాయి, చీకటి పడితే ఏమీ కనబడదు.

ఆరాధన అయ్యాక బయట చెట్టు కింద కూర్చున్నాం. "ఏం తమ్మీ, గట్లున్నవేంది? నాయిన మంచిగనే ఉన్నడు కద" అన్నాడు. నాకేమైందో తెలీదు, మొత్తం చెప్పేశాను. ఫోన్ తోసేసిన సంగతి, అమ్మకి చెప్పిన అబద్ధం, మూడు కార్డులు, అన్నీ. చెప్తున్నంతసేపు నేల చూస్తూ చెప్పాను. ఇక ఈయన నా ముఖం చూడడు అనుకున్నాను.

ఆయన కాసేపు ఊరుకుని, "నేను పన్నెండేండ్లు తాగిన తమ్మీ. నాకు సీసా, నీకు ఫోను. గంతే ఫరక్" అన్నాడు. తర్వాత అడిగాడు: "దేవునికి చెప్పినవ్, మంచిదే. మనిషికెవరికన్న చెప్పినవా ఇన్నేండ్లు?" లేదన్నాను. "గందుకే" అన్నాడు.

తర్వాత చదివితే తెలిసింది, ఈ "గందుకే" మీద జర్మనీలో బాన్‌హాఫర్ అనే పాస్టరు ఏకంగా ఒక అధ్యాయమే రాశాడని. హిట్లర్ ప్రభుత్వం 1937లో ఆయన నడిపే సెమినరీ మూసేస్తే, అక్కడ విద్యార్థులతో కలిసి బతికిన అనుభవాన్ని 1939లో పుస్తకంగా వేశాడు. ఆయన వాదన నాకు అర్థమైనంతలో ఇదీ: దేవుడొక్కడికే రహస్యంగా ఒప్పుకునేవాడు చాలాసార్లు తనకి తానే ఒప్పుకుని తనకి తానే క్షమాపణ ఇచ్చేసుకుంటాడు, అందుకే మళ్ళీ మళ్ళీ పడతాడు. ఎదురుగా ఒక సోదరుడు కూర్చుని విన్నప్పుడు ఆ మోసం కుదరదు. పాపం మనిషిని ఒంటరిని చేస్తుంది, ఒంటరైనకొద్దీ పాపం పెరుగుతుంది. యాకోబు పత్రిక ఐదో అధ్యాయం చెప్పేదీ ఇదే. అగస్టీను 386లో మిలాన్ తోటలో తన పాత జీవితంతో తెగతెంపులు చేసుకున్న రోజున కూడా ఆయన స్నేహితుడు అలీపియస్ ఆ తోటలోనే ఉన్నాడు. ఈ విషయం ఎవరూ ప్రసంగంలో చెప్పగా నేను వినలేదు.

మా పరిభాషలో కాపా అంటాం, మళ్ళీ జరక్కుండా చేసే పని. ఆయనా నేనూ కలిసి చేసినవి చాలా చిన్నవి. ఫోన్ రాత్రి పదింటికి ఆయన గదిలో చార్జింగులో పెట్టేయడం (ఆయన మా వీధిలోనే ఉండేవాడు). ఇంటివాళ్ళు ఫోన్ చేయడానికి నా దగ్గర వెయ్యి రూపాయల బటన్ ఫోను, అది ఎప్పుడూ సైలెంట్లో పెట్టకూడదు. ఆదివారం మధ్యాహ్నం భోజనం ఆయన దగ్గర. మనసు అటు లాగితే ఏ టైం అయినా ఫోన్ చేయడం, పడిపోతే తెల్లారేలోపు చెప్పడం. ఇది నా ఆడిట్ ట్రెయిల్. చెరపడానికి లేదు. కానీ ఒక తేడా ఉంది. కంపెనీలో ఆడిట్ ట్రెయిల్ చూసేవాడు తప్పు పట్టుకోవడానికి చూస్తాడు. ఈయన చూసి, "సరే తీ, అన్నం తిన్నవా?" అనేవాడు.

సైట్లు ఆపే సాఫ్ట్‌వేర్ పెట్టుకోవచ్చు కదా అంటారేమో. పెట్టుకోండి, తప్పులేదు. ప్రభుత్వమే 2015 జులై 31న 857 సైట్లు ఆపమంది, కొద్దిరోజులకే వెనక్కి తగ్గింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశం తర్వాత 827 సైట్లు ఆపించింది. ఏమైంది? మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం, ఎంత అడ్డం పెట్టినా ఐదు నిమిషాల్లో పక్కదారి కనుక్కుంటాం. నేనే పెట్టుకుని నేనే తీసేసిన ఫిల్టర్లు నాలుగు. తాళం వేసినవాడి చేతిలోనే తాళంచెవి ఉంటే అది తాళం కాదు.

ఒక్కసారితో బాగైపోలేదు. ఆ ఏడాది చాలాసార్లు పడ్డాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఫార్మా కాబట్టి మా ప్లాంటు నడిచింది గానీ, ఆయన నెలన్నర మెదక్‌లో ఇరుక్కుపోయాడు. నాకు మళ్ళీ పాత రోజులొచ్చాయి. నోటుపుస్తకంలో ఏప్రిల్ పేజీ చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తేడా ఏంటంటే, ఈసారి దాచలేదు. రోజూ రాత్రి తొమ్మిదికి బటన్ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. మే నెలలో ఆయన తిరిగొచ్చాక మళ్ళీ నిలదొక్కుకున్నాను. పుస్తకంలో పేజీల మధ్య దూరం వారాలు, తర్వాత నెలలు అయింది. చివరిసారి ఎప్పుడో నాకు తెలుసు, కానీ ఆ లెక్క ఇక్కడ రాయను. రాస్తే అది మళ్ళీ కార్డు వెనక ప్రతిజ్ఞ అయిపోతుంది.

వైద్యం గురించి కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనని ఒక రుగ్మతగా చేర్చారు, అయితే వ్యసనాల కింద కాదు, ప్రేరణల్ని అదుపు చేసుకోలేని రుగ్మతల కింద. అక్కడే ఒక హెచ్చరిక కూడా ఉంది: కేవలం నీతిపరంగా తప్పనిపించి పడే బాధ ఒక్కటే ఉంటే దాన్ని రుగ్మత అనకూడదని. జాషువా గ్రబ్స్ అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్ళు తేల్చినదీ దీనికి దగ్గరే. మతవిశ్వాసం ఉన్నవాళ్ళు తక్కువ చూసినా తమని తాము బానిసలనుకునే అవకాశం ఎక్కువట. నాకది మొదట కోపం తెప్పించింది, తర్వాత ఊరటనిచ్చింది. పాపాన్ని పాపమనొచ్చు, కానీ ప్రతి పాపాన్నీ జబ్బనుకుని హడలిపోనక్కర్లేదు. అలాగే నిజంగా చేయి దాటిపోతే డాక్టరు దగ్గరకెళ్ళడం అవిశ్వాసమూ కాదు. ఎర్రగడ్డ అనగానే మనం పిచ్చాసుపత్రి అని నవ్వుతాం. నేను 2019లో ఒక మానసిక వైద్యుణ్ణి రెండుసార్లు కలిశాను, ఆకాశం ఏమీ ఊడిపడలేదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇలాంటి ఫోను, ఇంటర్నెట్ బాధితుల కోసమే 2014 నుంచి ఒక క్లినిక్ నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్లో టెలీ మానస్ మొదలుపెట్టింది, 14416కి చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇహ పెళ్ళి. మన సంఘాల్లో కుర్రాడు ఇలాంటిది చెప్పుకుంటే మొదటి సలహా "త్వరగా పెళ్ళి చేసుకో బ్రదర్." ఇంతకంటే ప్రమాదకరమైన సలహా ఇంకోటి లేదు. పెళ్ళి ఒక మనిషితో చేసుకునేది, మందుబిళ్ళతో కాదు. 2021లో సంబంధం కుదురుతున్నప్పుడు, ఇద్దరమే మాట్లాడుకునే వీలు దొరికితే అమ్మాయికి చెప్పేశాను. మెదక్ అన్న వద్దనలేదు, చెయ్యమనీ అనలేదు, "అబద్ధం మీద ఇల్లు కట్టకు" అన్నాడంతే. ఆమె ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. వారం రోజులు ఫోన్ లేదు. సంబంధం పోయిందనుకున్నాను, పోయినా న్యాయమే అనుకున్నాను. ఎనిమిదో రోజు చేసింది. ఒకటే అడిగింది, "ఇప్పుడు రాత్రి మీ అమ్మగారు ఫోన్ చేస్తే ఎత్తుతున్నారా?" ఎత్తుతున్నానన్నాను. "నేను చేసినా ఎత్తాలి" అంది.

అమ్మకి మాత్రం ఆ రాత్రి నేను నైట్ షిఫ్టులో లేనని ఇప్పటికీ చెప్పలేదు. ఈ ఒక్క ఫారం ఇంకా మూయలేదు. చెప్పడం ఆమె కోసమా నా మనసు తేలిక కోసమా అన్నది తేలట్లేదు.

చివరగా నా తోటి విశ్వాసులకి ఒక మాట. మనం బూతు బొమ్మల మీద కూటాలు పెడతాం, ఉపవాసాలు పెడతాం, యువతని హెచ్చరిస్తాం. మంచిదే. కానీ ఆదివారం ఆరాధన అయ్యాక వెనక వరసలోంచి ఒక కుర్రాడు ఒక్కడే లేచి, చెప్పులేసుకుని, మెస్ వైపు నడుస్తుంటాడు చూడండి. పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం, గుమ్మడిదల ఎక్కడైనా సరే, అలాంటివాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వాళ్ళకి "ప్రైజ్ ద లార్డ్" చెప్పి బండెక్కేయకండి. "మధ్యాహ్నం మా ఇంటికి రా తమ్ముడూ" అనండి. చికెన్ వండకపోయినా ఫరవాలేదు, పప్పుచారు చాలు. నన్ను పిలిచిన మనిషి పెట్టింది కూడా అదే.

ఇక ఆ కుర్రాడు మీరే అయితే, ఈ రాత్రికి కొత్త ప్రతిజ్ఞ ఏదీ చేయకండి. నమ్మకమైన ఒక మనిషి పేరు తలుచుకుని ఫోన్ చేయండి. విషయం ఇవాళే చెప్పక్కర్లేదు. తిన్నావా అని అడగండి, చాలు. మిగతాది తర్వాత చెప్పొచ్చు.